చేపల మధ్య బేరింగు

పెళ్లైన కొత్తలో మగవాడికి రాని పనంటూ ఉండదు, అందులోనూ అత్తారింట్లో. ఆ రోజుల్లో నాకూ అన్నీ వచ్చు. సైకిలుకి పంక్చరు వేయించుకునేవాణ్ణి (వేసేవాణ్ణి కాదు, గమనించాలి). అలాంటివాణ్ణి, కళింగపట్నంలో మామగారి పాత కారు ముందు చక్రం ఊళ పెడుతుంటే, "బేరింగు పోయింది, నేనే మార్చేస్తాను" అనేశాను. ఫోనులో చూసిన వీడియో ఇచ్చిన ధైర్యం అది. అత్తది చేపల వ్యాపారం. ఏళ్ల తరబడి గంపలతో ఆటోలు పట్టుకు తిరిగిన మనిషికి శ్రీకాకుళంలో ఓ హోటలు నుంచి రోజూ చేప పంపమని కబురొచ్చింది. మర్నాడు పొద్దున్నే మొదటి సరుకు వెళ్లాలి. కారు నడిపేది మా ఆవిడ. మెకానిక్కేమో వారం పడుతుందన్నాడు. అందుకే నా మాట వినగానే అత్త మొహం వెలిగిపోయింది. "మా అల్లుడికి రానిదేటున్నాదమ్మా!" అని వీధంతా వినేలా అంది. ఇక వెనక్కి తగ్గే దారి లేదు.

చక్రం ఊడింది. దాని వెనకున్న ఇనుప గూడు కూడా ఊడి వాకిట్లోకొచ్చింది. ఆ గూట్లో బేరింగు ఎంత బిర్రుగా కూర్చుందంటే, నేను సుత్తితో బాదినకొద్దీ నా బొటనవేలు వాచింది గానీ అది కదల్లేదు. మా ఆవిడ కాసేపు చూసి, "వీడియోలో కొట్నేదు. బోల్టెట్టి లాగినారు. నువ్వు సగంలో ఆపీసావు" అంది. (తను చివరిదాకా చూసిందట.) మామ పడవకి బిగించే బారు బోల్టొకటి తెచ్చిచ్చాడు. గూటికి ఒక పక్క ఇనుప గొట్టం ముక్క, ఇంకో పక్క బిళ్ల పెట్టి, మధ్యనుంచి బోల్టు దూర్చి నట్టు బిగిస్తూ పోతే, పాత బేరింగు కిర్రుమంటూ గొట్టంలోకి దిగింది. నేను మీసం సవరించుకున్నాను. మొహమంతా గ్రీజయింది.

కొత్తది ఎక్కించడానికి ఓ చిట్కా ఉంది. చల్లబడితే ఇనుము ముడుచుకుంటుంది, వేడెక్కితే సాగుతుంది. అందుకని బజార్లో కొనుక్కొచ్చిన కొత్త బేరింగును కవరులో గట్టిగా చుట్టి ఫ్రీజర్లో చేపల పొట్లాల మధ్య పెట్టాను. సాయంత్రానికి గూడును పొయ్యి మీద వేడిచేసి, గోనెగుడ్డతో పట్టుకుని "తే, తే!" అని అరిచాను. మా ఆవిడ పరుగున తెచ్చి కవరు విప్పింది. లోపల చందువా చేప!

"అమ్మా! బేరింగేదే?"

అత్త నోటిమీద చెయ్యేసుకుంది. "ఓలమ్మో! పక్కింటి సెల్లికి కూరకిచ్చీసినాను!"

సరిగ్గా అప్పుడే గోడ అవతల్నుంచి వినబడింది. "ఏ సేపిచ్చినావప్పా? ఎంతసేపు నీల్లలో ఏసినా మెత్తబడట్నేదు!"

అందరూ పడీపడీ నవ్వారు. నేను మాత్రం పరిగెత్తి కవరు వెనక్కి తెచ్చుకున్నాను. కవరు ముడి విప్పలేదు కాబట్టి బేరింగు తడవలేదు గానీ, చల్లదనమంతా పోయింది. మళ్లీ ఫ్రీజరు, మళ్లీ పొయ్యి. ఈసారి అత్త ఫ్రిజ్ ముందు పీట వేసుకుని కాపలా కూర్చుంది.

రెండోసారి బేరింగు వంకరగా దిగడం మొదలెట్టింది. నా చెయ్యి సుత్తి మీదికి పోతుంటే మా ఆవిడ పట్టుకుంది. "వంకరెల్తన్నాది. ఎనక్కి తీసి మల్లీ ఎట్టు." తీశాం, మళ్లీ పెట్టాం. బయటి అంచు మీద మాత్రమే ఒత్తిడి పడేలా చూసుకుంటూ, నట్టు కొంచెం కొంచెంగా బిగించాను. చివరికి 'టక్' మంది. అత్త నిలబడి దణ్ణం పెట్టింది, దేవుడికో బేరింగుకో తెలీదు.

అన్నీ బిగించి బీచి రోడ్డులో తిప్పి చూశాం. వెనక సీట్లో మామ కంగారుపడ్డాడు. "ఏటమ్మా, ఇంజనాగిపోనాదేటి?"

"నేదు నాన్నా. సక్రం అరవడం మానీసింది."

మర్నాడు అత్త కొత్త చీర కట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. వెనక ఐసు పెట్టెలు. నాకు చోటు లేదు. కారు మలుపు తిరిగేదాకా రోడ్డు మీదే నిలబడ్డాను, ఏదో ఓడను నీళ్లలోకి దింపినవాడిలా.

అత్త వ్యాపారం ఇప్పటికీ చక్కగా నడుస్తోంది. నేను మాత్రం బేరింగు పోతే బుద్ధిగా షెడ్డుకి తీసుకెళ్తాను. అక్కడ మిషను నొక్కితే టీ తాగేలోపు పని అయిపోతుంది. ఆ పని ఎన్ని రకాలుగా చెడిపోవచ్చో ఇప్పుడు నాకు బాగా తెలుసు, అందుకే ముట్టుకోను. అవేవీ తెలియని ఆ కొత్తల్లుడు ఎక్కడైనా ఎదురుపడితే బాగుండునని ఒక్కోసారి అనిపిస్తుంది. చేతికి ఎంత గ్రీజు అంటుకున్నా సరే, కరచాలనం చేసి వస్తాను.