మంచు మీద మా పాప

విశాఖపట్నంలో చక్రాల మీద నేర్చుకున్న స్కేటింగే దోహాలో నాకు ఉద్యోగమైంది. డిగ్రీ అయ్యేదాకా పోటీలకు తిరిగినదాన్ని. ఇక్కడి మాల్‌లో ఐస్ రింకు మీద మొదటిసారి, అలవాటు కొద్దీ ఆగడానికి పాదం ముందుభాగం నొక్కాను. చక్రాల బూట్లకు అక్కడ రబ్బరు బ్రేకు ఉంటుంది. మంచు బూట్ల బ్లేడుకు అక్కడ పళ్ళుంటాయి, అవి మంచులో దిగబడ్డాయి. బోర్లా పడ్డాను. అందుకే కోచ్‌నయ్యాక పిల్లలకు ముందు పడటమే నేర్పుతాను. మోకాళ్ళు వంచి పక్కకు కూర్చున్నట్టు పడాలి. వేళ్ళు ఎవరి బ్లేడు కిందా పోకుండా పిడికిళ్ళు బిగించాలి.

మా పాపకు మాత్రం అది నేర్పలేకపోయాను. ఐదో ఏడు రాగానే బూట్లు తొడిగి తీసుకెళ్ళాను గాని, వారాలు గడిచినా తన చెయ్యి నేను వదల్లేదు. మావారికి ఊరికి దూరంగా రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. అక్కడి క్యాంపులో ఉంటూ సెలవు రోజుల్లోనే దోహాలో అబూ హమూర్‌లోని మా ఇంటికొస్తారు. పక్క ఫ్లాటువాళ్ళ పేరైనా నాకు తెలియదు. పాపకు ఎముక విరిగితే ఆస్పత్రిలో నా పక్కన ఎవరుంటారు? ఆ ఆలోచనతో నిద్ర పట్టేది కాదు.

నా దగ్గర నేర్చుకునే ఒక పిల్లాడి తల్లి, గోదావరి జిల్లావిడ, ఒకరోజు అననే అంది.

“అదేంటండీ మేడమ్, మా బుడ్డోణ్ణి మొదటిరోజే పడమన్నారు. మీ పాపైతే కందిపోద్దా?”

నేను నవ్వాను. పాప నవ్వలేదు.

“చెయ్యి వదులమ్మా. అందరూ చూస్తున్నారు.”

నా వల్ల కాలేదు. మరుసటి వారం పాపను ఇంకో కోచ్‌కి అప్పగించాను. ఆ ఫిలిప్పీన్స్ అమ్మాయి “యల్లా, బేబీ”, పద పదమంటూ తనను రింకు మధ్యలోకి పంపేసింది. నేను రింకు అద్దాల గోడ బయట తల్లుల బెంచీ మీద కూర్చున్నాను. అక్కడ నన్నెవరూ పలకరించలేదు.

పాప పడింది. నేను లేచి నిలబడ్డాను. తను మోకాలి మీదికి లేచి, ఊగి, నిలబడి, ఆ కోచ్ వైపు చూసింది. నా వైపు చూడలేదు. మళ్ళీ కూర్చున్నాను. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ సాయంత్రం వాళ్ళ నాన్న ఫోన్ చేశారు.

“నాన్నా, ఇవాళ నేను పడ్డాను.”

“అయ్యో, అమ్మ పట్టుకోలేదా?”

“అమ్మ బయటుంది. నేనే లేచాను.”

ఆయన ఫోను అమ్మకివ్వమన్నారు.

“ఉండు నాన్నా, ఇంకా చెప్పాలి,” అంటూ పాప ఫోను పట్టుకుని గదిలోకి వెళ్ళిపోయింది.