సీసా వెనకవైపు

ఎడిసన్‌లో ట్రైన్ ఎక్కి, మేనేజర్ ఇంట్లో డిన్నర్‌కని కొన్న ఫ్రెంచ్ వైన్ సీసాని ఒళ్లో పెట్టుకున్నాను. ఇండియన్ షాపు సంచిలో దాచినా మూతి బయటికి కనబడుతూనే ఉంది. పక్క సీట్లోని తెలుగు పెద్దాయన, అడగకుండానే దాన్ని బయటికి లాగి వెనక్కి తిప్పాడు.

“లేబుల్ మీద కోట బొమ్మ చూసి పిక్ చేశావా?”

“మీకెందుకండీ?”

“ఆ కోటలో తయారైంది కాదిది. ఎవడో వ్యాపారి నాలుగు ఊళ్ల వైన్ కొని, కలిపి సీసాల్లో నింపాడు. ఫ్రాన్స్‌లోనే కాఓర్, జురా లాంటి చోట్ల చిన్న చిన్న ఎస్టేట్‌లున్నాయి. సొంత తోట, సొంత వైన్. ఎవరు నింపారో బ్యాక్ లేబుల్ మీదే ఉంటుంది. మనవాళ్లు చదివి చస్తే కదా!”

“అంకుల్, మీ పని మీరు చూసుకోండి,” అని సీసా లాక్కున్నాను. దిగేదాకా ఆయన మొహం చూడలేదు.

ఆ సాయంత్రం మేనేజర్ నవ్వుతూ థాంక్స్ చెప్పి, సీసాని వెనక్కి తిప్పి చదివాడు. భోజనాల టేబుల్ దాటుకుని వంటింట్లోకి వెళ్లి, స్టవ్ పక్కన, వంటలో పోసే నూనె, వెనిగర్ సీసాల వరసలో పెట్టాడు.

ఆ పెద్దాయన మీద కోపం ఇప్పటికీ తగ్గలేదు. ఏ షాపులో సీసా అందుకున్నా ముందు వెనక్కే తిప్పుతాను, ఆయన్ని తిట్టుకుంటూ.