తల్లి వైపు చెవులు

మా అమ్మ తమ్ముడు లుకాంగ్ మామయ్య ముఖం కోల, చెవులు చేమాకులంత. వేళ్లు వెనక్కి వంచితే మణికట్టును తాకుతాయి. అరికాళ్లు చదును, తడి నేల మీద నడిస్తే బాతు వెళ్లినట్టుంటుంది. ఎవరి కళ్లలోకీ చూడడు. కంగారు పడితే చేతులు తట్టుకుంటూ ఎదుటివాళ్ల చివరి మాటే మళ్లీ మళ్లీ అంటాడు.

కిందటేడు కుంబో ఊరి ఆసుపత్రి నుంచి వచ్చిన నర్సు, మామయ్యకున్నది పుట్టుకతో తల్లి వైపు నుంచి వచ్చేదనీ, ఇంట్లో ఇంకెవరికైనా ఉందేమో చూడాలనీ చెప్పింది. ఆ పూట మా ఇంట్లో వంట కాలేదు. అందరం కూర్చుని వేళ్లు వెనక్కి వంచుకున్నాం.

"ఆ చెవులు మావి కావు, వాళ్ల నాన్నవి," అని అమ్మమ్మ తేల్చేసింది. తాత పోయి పదేళ్లయింది కనక ఎదురు చెప్పలేదు. నా వేళ్లు బాగానే వంగాయి. చేతులు ఒంటికి చుట్టుకున్న గుడ్డ కింద దాచుకున్నాను.

మామయ్యకు ఒకటే ఆశ, కోటలో రాజుగారికి కల్లు పోసే పని. పాత మనిషి ముసలివాడై మానేశాడు. పోటీకి వెర్జెకోవ్ వచ్చాడు, కామెరూన్ అంతా తిరిగి డౌలా నగరంలో హోటల్లో వడ్డించి వచ్చినవాడు.

"చెవులు మడిచి కోటలోకి రా లుకాంగ్, గుమ్మం పట్టదు," అన్నాడు ఊళ్లో ఎదురుపడి.

"పట్టదు, పట్టదు," అన్నాడు మామయ్య.

రాజుగారు పిలిచిన రోజు కోట దాకా దారంతా అమ్మ మామయ్యను బతిమాలుతూనే వచ్చింది. "చేతులు కట్టుకో నాయనా. చప్పట్లు కొట్టకు. అక్క మాట విను."

"విను, విను."

ముందు వెర్జెకోవ్ వెళ్లాడు. రాజుగారి కళ్లలోకి చూసి నవ్వుతూ, హోటల్ అలవాటు కొద్దీ చెయ్యి చాపాడు. మా రాజుగారిని ఎవరూ కళ్లలోకి చూడకూడదు, ముట్టుకోకూడదు. భటులు అతన్ని, చాపిన చెయ్యి చాపినట్టే, బయటికి నడిపించారు.

తర్వాత మామయ్య. చూపు నేల మీదే. రాజుగారి ముందు నోరు తెరవాలంటే వంగి మూడుసార్లు చేతులు తట్టడం మా పద్ధతి. మామయ్య ముప్పైసార్లు తట్టాడు. అమ్మ కళ్లు మూసుకుంది.

"కల్లు పొయ్యి," అన్నారు రాజుగారు.

"పొయ్యి, పొయ్యి." మామయ్య వేళ్లు వంగి కల్లు బుర్ర మెడకు తీగల్లా చుట్టుకున్నాయి. చుక్క ఒలకలేదు.

రాజుగారు తాగి, "ఈ రోజుల్లో ఇంత మర్యాద ఎవరు నేర్పారు ఇతనికి? రేపట్నించి రమ్మనండి," అన్నారు.

అమ్మ మూడుసార్లు తట్టి, తల దించుకునే చెప్పింది. "పుట్టుకతోనే వచ్చింది తండ్రీ. మా అమ్మ వైపు నుంచి."

ఇంటికొచ్చి చెబితే అమ్మమ్మ కాసేపు ఆకుకూర తుంచుతూ ఆలోచించింది.

"చెవులు కూడా మావేలే," అంది.

నేను చేతులు గుడ్డలోంచి తీసి, ఆమె పక్కన కూర్చుని కూర తుంచడం మొదలుపెట్టాను.