విగ్రహాన్ని దారి అడిగిన కుజ్మాన్

స్కోప్యే నగరపు పాత బజారులో కబాబులు కాల్చేవాళ్ళు ఒక కథ చెప్పుకుంటారు. ఒక సాయంత్రం కుజ్మాన్ ఇంటికి పోతూ పోతూ దారి తప్పాడట. చివరికి ఏదో తలుపు తట్టి, తీసినావిడను "అమ్మా, కుజ్మాన్ వాళ్ళ ఇల్లెక్కడ?" అని అడిగాడట. ఆవిడ చేతిలో గరిటె అలాగే పట్టుకుని, "ఇదే. కానీ ఆయన ఇంకా రాలేదు" అందట. "సరే, మళ్ళీ వస్తాను" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడట. ఆ గరిటె పట్టుకున్నావిడ ఆయన భార్యే.

ఇది నిజమేనా అని కుజ్మాన్‌నే అడిగితే, "శుద్ధ అబద్ధం. ఆవిడ చేతిలో ఉన్నది గరిటె కాదు, రొట్టెల కర్ర" అనేవాడు.

ఆయనలో ఉన్న వింత ఇదొక్కటే. పుట్టి పెరిగిన ఊళ్ళో దారి తప్పుతాడు. ఏ గుమాస్తానో, దర్జీయో అయ్యుంటే ఈ సంగతి ఇంటి గుమ్మం దాటేది కాదు. ఆయన చేసే పనేమో పరాయి దేశాలవాళ్ళను సైకిళ్ళెక్కించి ఊరు చూపించడం! చంకలో బిడ్డను పెట్టుకుని సంతంతా వెతికేవాళ్ళ గురించి విన్నాం. కుజ్మాన్ ఆ బిడ్డనే పట్టుకుని "నాన్నా, నువ్వెక్కడున్నావో నీకేమైనా తెలుసా?" అని అడిగే రకం.

వర్దార్ నది గట్టు మీద గొర్దానాకు సైకిళ్ళ కొట్టు ఉంది. రోజూ పొద్దున అక్కడినుంచి పది పన్నెండు సైకిళ్ళు బారులు తీరి బయల్దేరతాయి. అన్నిటికన్నా ముందు కుజ్మాన్. మనిషి బాగా వెడల్పు. ఎక్కి కూర్చుంటే కింద సైకిల్ కనబడదు. మనిషికే రెండు చక్రాలు మొలిచి దొర్లిపోతున్నట్టు ఉంటుంది.

అన్నిటికన్నా చివర దఫీనా. ఎవరూ వెనకబడకుండా చూడటం, గాలి పోయిన టైర్లకు గాలి కొట్టడం, నోరు మూసుకుని ఉండటం ఆమె పనులు. మొదటి రెండూ గొర్దానా చెప్పినవి. మూడోది ఆమె సొంతంగా చేసుకునేది. పదిహేనేళ్ళప్పుడు అమ్మ నడుం పడిపోతే బడి మానేసి మేనమామ నడిపే, బురెక్ అనే పొరల రొట్టెల కొట్టులో చేరింది. వేడి వేడి మాంసం బురెక్‌లు, జున్ను బురెక్‌లు సైకిల్ బుట్టలో పెట్టుకుని బజారులో ప్రతి సందూ తిరిగి ఇచ్చి వచ్చేది. చదువుకున్నవాళ్ళు మాట్లాడతారు, మానేసినవాళ్ళు గాలి కొడతారు అని ఆమె మనసులో ఎప్పుడో తీర్పు అయిపోయింది. టూరిస్టుల ఇంగ్లీషు వినీ వినీ అర్థమయ్యేది. ఎవరైనా పేరు అడిగితే మాత్రం హెల్మెట్ పట్టీ సర్దుకునేది.

కుజ్మాన్ యాత్ర ఎలా సాగేదంటే, రాతి వంతెన మొదట్లో చెయ్యెత్తి అందరినీ ఆపేవాడు. "ఇదిగో మా రాతి వంతెన! దీని అవతల మా పాత బజారు! ఇంతకీ పాత బజారుకు ఎటు పోవాలి?"

పన్నెండుమంది వంతెన వైపు చూసేవారు. కుజ్మాన్ మాత్రం దారినపోయే వాళ్ళను ఆపేవాడు. ఈ ఊళ్ళో ఒకరిని దారి అడిగితే నలుగురు పోగవుతారు. ఆ నలుగురూ ఇప్పుడున్న గుర్తులు వదిలేసి, ఎప్పుడో ఊరిని కూల్చేసిన పెద్ద భూకంపానికి ముందు ఏముండేవో చెబుతారు.

"పాత బ్యాంకు ఉండేది చూడు, దాని పక్కనుంచి తిరుగు."

"బ్యాంకు అటెక్కడుందిరా? అది స్టేషను వైపు!"

"ఎవరు చెప్పారు, మీ తాతా?"

"మీ తాతే చెప్పాడు, మా తాతకి!"

ఆ బ్యాంకు కూలి అరవై ఏళ్ళు దాటింది. పోట్లాడుకునే ఇద్దరి వయసూ కలిపినా అరవై నిండవు. ఈలోగా టూరిస్టులు ఎండలో మాడుతుంటే, కుజ్మాన్ వాళ్ళను పాత రైలు స్టేషను దగ్గరికి తీసుకుపోయేవాడు. అక్కడి గడియారం భూకంపం వచ్చిన తెల్లవారుజామున ఆగిపోయింది. దాన్ని అలాగే ఉంచేశారు. కుజ్మాన్ దాని వంక చూసి, "ఐదుంపావే కదా అయింది! కంగారేం లేదు, బోలెడు టైముంది" అనేవాడు.

ఒకరోజు నది పక్క చౌకులో ఆయనకు దారి అడగడానికి మనిషి దొరకలేదు. మనుషులు దొరకరేమో కానీ ఈ ఊళ్ళో విగ్రహాలకు కొదవ లేదు. నిన్న ఖాళీగా ఉన్నచోట ఇవాళ ఒక విగ్రహం నిలబడి ఉంటే, జనం పక్కకు తప్పుకుని పోతారు. చేతిలో పుస్తకం పట్టుకున్న ఒక కంచు పెద్దమనిషి ముందు కుజ్మాన్ ఆగాడు.

"అయ్యా, చదువుకున్నవారిలా ఉన్నారు. కూరగాయల సంతకు ఎటు పోవాలి?"

టూరిస్టులు నవ్వారు. కుజ్మాన్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. నవ్వులు అయిపోయాయి. ఆయన కదల్లేదు. పోలండునుంచి వచ్చిన ఒక ముసలావిడ గట్టు మీద కూలబడి చెప్పులు విప్పేసింది. ఆయన ఇంకా కదల్లేదు.

చివరన ఉన్న దఫీనాకు ఒళ్ళంతా చీమలు పాకుతున్నట్టుంది. ఆ దారిలో వెయ్యిసార్లు బురెక్‌లు మోసింది. చెప్పకుండా ఉండలేదు, చెప్పడానికి నోరు రాదు. ఆఖరికి ఎలుకపిల్ల కూసినట్టు, "వంతెన దాటి కుడికి" అంది.

"ఆఁ! మాట్లాడారు!" కుజ్మాన్ టోపీ తీసేశాడు. "చూశారా, మా ఊళ్ళో కంచుకు కూడా మర్యాద తెలుసు. అయ్యా, కొంచెం గట్టిగా!"

"వంతెన దాటి కుడికి, బాబాయ్! హమాము పక్కనుంచి!"

"చాలా సంతోషం, అయ్యా" అని విగ్రహానికి టోపీ ఊపి వంతెనెక్కాడు. వెనక్కి మాత్రం తిరిగి చూడలేదు.

మర్నాడు వీధికుక్కను అడిగాడు. అది తోకాడించింది. "అటూ చూపిస్తోంది, ఇటూ చూపిస్తోంది. బజార్లు రెండున్నాయా ఏమిటి?" అన్నాడు. వెనకనుంచి దఫీనా చెప్పింది. ఇంకోరోజు పుచ్చకాయల బండి దగ్గర ఆగి ఒక కాయను వేలితో కొట్టి చూశాడు. "ఇది పచ్చికాయ, దీనికేం తెలుస్తుంది" అని పక్క కాయను కొట్టాడు. వెనకనుంచి దఫీనా చెప్పింది. ఆ తర్వాత ఆయనకు వెనకనుంచి వచ్చే మాటలు వినబడటం మానేశాయి. "చెవిలో గాలి దూరుతోంది" అనేవాడు. ఇక ఆమె చివరినుంచి ముందు దాకా తొక్కుకుంటూ వచ్చి చెప్పాల్సి వచ్చేది.

దారులు అయ్యాక కథలు మొదలయ్యాయి.

"ఇదిగో పాత హమాము. ఇందులో... ఇందులో ఏం చేసేవారు, పిల్లా?"

"స్నానాలు, బాబాయ్."

"స్నానానికి ఇన్ని గోపురాలా? ఎంత మురికిగా ఉండేవాళ్ళమ్మా!"

"మురికి కోసం కాదు బాబాయ్! ఆడవాళ్ళు పొద్దున వస్తే సాయంత్రానికి గానీ పోయేవాళ్ళు కాదట. కొడుకుల పెళ్ళికి పిల్లల్ని ఇక్కడే చూసుకునేవాళ్ళట. ఆవిరిలో అయితే ఎవరూ రంగులు పూసుకుని మోసం చెయ్యలేరు కదా."

టూరిస్టులు పగలబడి నవ్వారు. వాళ్ళను నవ్వించింది తనేనని దఫీనాకు ఇంటికి పోయాక గానీ తట్టలేదు. తట్టినా సంతోషం కలగలేదు. తన తాతకు కూడా మొదట దారులు పోయాయి. ఆ వెనకే పేర్లు పోయాయి. బాబాయ్‌కి మతి జారుతోంది. గొర్దానాకు తెలిసిందో, ఆయన పని పోతుంది. ఎలాగైనా తనే కప్పిపెట్టాలి.

అందుకని సాయంత్రం కాగానే బజారులో ముసలివాళ్ళ దగ్గర చేరేది. ఏ గోపురం ఎవరు కట్టారు, ఏ సత్రంలో ఎవరు దిగేవారు, అన్నీ అడిగేది. రేపు బాబాయ్ ఏది మర్చిపోతాడో ఎవరికి తెలుసు? అన్నీ సిద్ధంగా ఉంచుకోవాలి కదా.

ఇంత చేసినా దాగలేదు. హాలండు మనిషి ఒకాయన తన ఊరికి పోయి, "గైడు బంగారం లాంటి మనిషి. ఆయనకు ఒక గైడును పెట్టండి" అని రాసి పంపాడు. గొర్దానా దాన్ని కొట్టు మధ్యలో నిలబడి గట్టిగా చదివింది. ఆవిడ కొట్టులో అన్ని సైకిళ్ళకూ బ్రేకులున్నాయి, ఆవిడ నాలుకకే లేవు.

"శనివారం నేనే వస్తున్నాను, కుజ్మాన్. ఒక్కచోట, ఒక్కరిని దారి అడిగావో, సైకిల్ అక్కడే వదిలేసి నడిచిపో. మళ్ళీ ఈ కొట్టు గడప తొక్కకు!"

"నడిచి అంటే ఎటు నడవమంటావు, గొర్దానా?"

ఆవిడ చేతిలోని సైకిల్ గొలుసు బల్ల మీద విసిరికొట్టి లోపలికి పోయింది.

శుక్రవారం సాయంత్రం దఫీనా ఆయన్ను గోడ పక్కన పట్టుకుంది. "బాబాయ్, నేనొకటి ఆలోచించాను. రేపు నేను వెనకనుంచి బెల్లు కొడతాను. ఒకసారి కొడితే ఎడమ. రెండుసార్లు కొడితే కుడి. ఎవరికీ తెలియదు."

"భలే బుర్ర, తల్లీ! ఒకటంటే కుడి."

"ఎడమ, బాబాయ్!"

"అదే అంటున్నాను. ఎడమంటే రెండు."

దఫీనాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

శనివారం గొర్దానా నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వరసలో సరిగ్గా మధ్యన ఎక్కింది. మొదటి మలుపులో దఫీనా బెల్లు ఒకసారి కొట్టింది. కుజ్మాన్ కుడికి తిరిగాడు. రెండో మలుపులో రెండుసార్లు కొట్టింది. ఎడమకు తిరిగాడు. సైకిళ్ళన్నీ వరసగా పోయి ఒక ఇంటి పెరట్లో తేలాయి. అది మిరపకాయలు కాల్చే కాలం. అయివార్ పచ్చడికోసం ఆ ఇంటి ఆడవాళ్ళు పొయ్యి చుట్టూ కూర్చుని ఎర్ర మిరపకాయలు తిప్పుతున్నారు. పిలవని పేరంటానికి పదిమంది వచ్చారని వాళ్ళేమీ నొచ్చుకోలేదు. తలా ఒక పట్టకారు చేతికిచ్చి, "ఊరికే నిలబడతారేం, తిప్పండి!" అన్నారు. పోర్చుగల్ దంపతులు సంబరంగా తిప్పడం మొదలుపెట్టారు. గొర్దానా కళ్ళద్దాలకు పొగ పట్టింది.

"ఇది టూరులో ఉందా, కుజ్మాన్?"

"ఇవాళ్టినుంచి ఉంది."

అందరినీ లాక్కుని రాతి వంతెన దగ్గరికి వచ్చేసరికి దఫీనా బెల్లు మీదినుంచి వేలు తీసేసింది. ఇక్కడ వంతెన ఎదురుగానే ఉంది. ఇక్కడ తప్పడానికి వీల్లేదు. బెల్లు కొట్టాల్సిన పని కూడా లేదు. కుజ్మాన్ సైకిల్ దిగాడు. నాలుగు దిక్కులూ చూశాడు. నింపాదిగా నడుచుకుంటూ వచ్చి గొర్దానా ముందు నిలబడి టోపీ తీశాడు.

"అమ్మా, తమరిది ఈ ఊరేనా? పాత బజారుకు ఎటు పోవాలో కాస్త చెబుతారా?"

గొర్దానా ముఖం ఇందాకటి మిరపకాయల రంగుకు తిరిగింది. నోరు తెరిచింది. ఆ నోటినుంచి మాట ఊడిపడేలోపు దఫీనా సైకిల్ సర్రున వచ్చి ఇద్దరి మధ్యా ఆగింది.

"ఆయనకు తెలుసు, గొర్దానక్కా! అన్నీ తెలుసు! ఇవాళ నన్ను నడిపించమన్నారు. నాకు నేర్పుతున్నారు. అందుకే... అందుకే అడుగుతున్నారు!"

జన్మలో ఆమె గొర్దానా ఎదుట ఇన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడలేదు, అందులో ఇంత పెద్ద అబద్ధం అసలే ఆడలేదు. గొర్దానా కుజ్మాన్ వైపు చూసింది.

"నేనా అన్నాను?" కుజ్మాన్ తల గోక్కున్నాడు. "అనే ఉంటాను. నా సంగతి తెలిసిందే కదా, మర్చిపోతుంటాను." మెడలోని ఈల తీసి దఫీనా మెడలో వేశాడు. ఆమె చేతిలోని పంపు లాక్కుని వరస చివరికి పోయాడు.

ఇక ఆమెకు నడిపించక తప్పలేదు. మొదట్లో ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా ఊడిపడింది. రాజులూ, సంవత్సరాలూ కొన్ని తారుమారయ్యాయి. కానీ బజారు రాళ్ళ దారిలోకి దిగాక, తను బుట్ట మోసిన సందులు ఒక్కొక్కటే ఎదురొచ్చాయి. చెప్పులు కుట్టే అన్నదమ్ములను చూపించింది. ఇద్దరికీ ఏళ్ళుగా మాటల్లేవు. అయినా అన్న ఎడమకాలి చెప్పు కుడితే, తమ్ముడు కుడికాలిది కుడతాడు. ఒకరి దగ్గరే జత మొత్తం కొన్నవాడు ఊళ్ళో లేడు. టూరిస్టులు రెండు కొట్ల మధ్యా పరుగులు పెట్టారు. పిల్లలకు నచ్చే సందూ, తాగినవాళ్ళకు నచ్చే సందూ, ఎప్పుడూ నీడ ఉండే సందూ చూపించి, కోట దాకా ఎక్కించి, మళ్ళీ నది గట్టుకు దించింది. పోర్చుగల్ ఆవిడ ఆమె రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుని పోయింది. దఫీనా హెల్మెట్ పట్టీ వెతుక్కుంది. హెల్మెట్ ఎప్పుడో తీసేసింది.

గొర్దానా కళ్ళద్దాలు తుడుచుకుంది. "రేపటినుంచి ముందు నువ్వు పో, దఫీనా. కుజ్మాన్, ఇక నువ్వు..."

"బాబాయ్‌ని తీసేస్తే నేనూ రాను!"

నది అవతల చేపలు పడుతున్నవాళ్ళు తిరిగి చూశారు.

"ఎందుకే అలా అరుస్తావు? తీసేస్తానని ఎవరన్నారు? మరి పంపు ఎవరు మోస్తారు, నేనా?"

కుజ్మాన్ పంపును అటూ ఇటూ తిప్పి చూస్తూ, "దీన్ని ఎటువైపు పట్టుకోవాలో ఎవరైనా చెబితే..." అన్నాడు.

వారం గడిచింది. ముందు దఫీనా, చివర కుజ్మాన్. ఆయన ఒక్కరోజూ వెనకబడలేదు. దఫీనాకు మాత్రం బెంగ తీరలేదు. ఒక సాయంత్రం కొట్టు వెనక గొలుసులకు నూనె రాస్తూ స్పాసేతో చెప్పింది. స్పాసే గొర్దానా భర్త. సైకిళ్ళు బాగుచేస్తాడు. ఆ ఇంట్లో మాటలన్నీ గొర్దానాయే వాడేస్తుంది కాబట్టి ఆయనకు వారానికి ఒకటో రెండో మిగులుతాయి.

"బాబాయ్‌ని డాక్టరుకు చూపిస్తే మంచిదేమో. పాపం, ఊళ్ళో దారులన్నీ మర్చిపోయారు."

స్పాసే నీళ్ళ తొట్టిలో ట్యూబు ముంచి బుడగలు ఎక్కడ వస్తాయా అని చూస్తున్నాడు.

"ఎవరు, కుజ్మానా? నేను ఆయన వెనక పంపు పట్టుకుని పోతాను కదా. ఒక్క మలుపు తప్పలేదు. ఒక్కడిని దారి అడగలేదు. ఒకసారి పందెం కట్టి కళ్ళకు గుడ్డ కట్టుకుని మమ్మల్నందరినీ వంతెన దాటించాడు."

"మీరు ఎప్పుడు పోతారు?"

"సోమవారాలు" అని ఆయన మళ్ళీ ట్యూబు ముంచాడు.

సోమవారాలు దఫీనాకు సెలవు.