మొదటి పేజీ మేస్త్రి

“తలుపు దానంతట అదే మూసుకుని తాళం పడిపోయి, పాప లోపలా నేను బయటా ఉండిపోతే?”

పాప నాన్న ఈ ప్రశ్న మొదట భార్యను అడిగాడు. ఆవిడ రైలు గార్డు. రెండు రోజులు రైల్లో, ఒక రోజు ఇంట్లో. “నీ చాదస్తానికి ఒక అంతు ఉండాలి” అని టోపీ పెట్టుకుని డ్యూటీకి వెళ్ళిపోయింది. తర్వాత లిఫ్టు మెకానిక్‌ను అడిగాడు. “మా బాధ్యత లిఫ్టు తలుపు దాకానే సార్” అన్నాడు మెకానిక్. చివరికి కింది వాటాలో ఉండే ముసలాయన్ని అడిగాడు. ఆయన ఒకప్పుడు తాళాల మేస్త్రి కనుక సరైన చోటే అడిగాననుకున్నాడు.

మేస్త్రి ప్రశ్నంతా శ్రద్ధగా విని, కళ్ళజోడు తుడుచుకుని, “దానికి ఉపాయం ఉంది, చెబుతా. ముందిది చెప్పు. నీకు వెబ్‌సైటుందా?” అన్నాడు.

మేస్త్రికి ఉన్న పిచ్చి అదొక్కటే. అరవై ఏడో ఏట ఆయన ఇంటర్నెట్ సెర్చ్‌లో మొదటి పేజీలో, అందులోనూ మొదటి వరసలో ఉండాలని కంకణం కట్టుకున్నాడు. సొంతంగా ఒక వెబ్‌సైటు పెట్టాడు. కనిపించిన ప్రతి సామాజిక మాధ్యమంలోనూ ఒక ఖాతా తెరిచాడు. ప్రతి ఖాతాలోనూ వెబ్‌సైటు లింకు, వెబ్‌సైటులో ప్రతి ఖాతా లింకు. ఎంతమంది తన లింకు పెడితే సెర్చ్‌లో అంత పైకి వస్తానని ఆయన లెక్క. చేపలు పట్టేవాళ్ళ గుంపులో ఉన్నాడు, ఊలు అల్లేవాళ్ళ గుంపులో ఉన్నాడు. పిట్టల్ని చూసేవాళ్ళ గుంపులో చేరి, “నేను చూసింది కాకి. నా గురించి మరిన్ని వివరాలకు ఈ లింకు నొక్కండి” అని రాశాడు. బాలింతల ముచ్చట్ల గుంపులో కూడా ఉన్నాడు. అక్కడ ఆయన పరిచయం: తాళాల మేస్త్రి, వయసు డెబ్బై ఒకటి, కాన్పులు లేవు.

అన్నిచోట్లా ఒకటే ఫొటో. చారల చొక్కా వేసుకుని, బుగ్గకు పెద్ద తాళంచెవి ఆనించుకుని, ఎవరో ‘దొంగ!’ అన్నట్టు ఉలిక్కిపడి చూస్తుంటాడు.

“ఇంకో మంచి ఫొటో పెట్టొచ్చుగా మేస్త్రిగారూ?”

“అమ్మో! ఆ సెర్చ్ అనేది వట్టి అనుమానప్పక్షి నాయనా. పదిచోట్లా ఒకే పేరు, ఒకే నంబరు, ఒకే మొహం కనబడాలి. అప్పుడు గానీ ఈ మనిషి నిజంగా ఉన్నాడని నమ్మదు.” ఆ నమ్మకం చెడకుండా ఉండడానికో ఏమో, బయటికి వెళ్ళినప్పుడు కూడా ఆ చారల చొక్కానే వేసుకునేవాడు. అలాంటివి మూడు కుట్టించుకున్నాడు.

ఒకసారి పన్ను పీకించుకోవడానికి వెళ్ళి, నోరు తెరిచి ఉండగానే డాక్టర్ని లింకు అడిగాడట. డాక్టరు విసుక్కుని, “మీరు తాళాలు, నేను పళ్ళు. నా సైటులో మీ లింకెందుకండీ?” అంటే, “ఇద్దరం ఇరుక్కున్నవి ఊడదీసేవాళ్ళమేగా!” అన్నాడట. లింకు పడింది. పన్ను మాత్రం ఇంకో నాలుగు వారాల దాకా ఊడలేదు.

పాప నాన్నకు అంతుపట్టనిది ఒకటే. మేస్త్రి చేతులు వణకడం మొదలై ఆరేళ్ళయింది. దుకాణం అప్పుడే మూసేశాడు. అమ్మడానికి తాళం లేదు, తియ్యడానికి వేళ్ళు సహకరించవు. మరి ఈ మొదటి వరస ఎందుకు?

అడిగితే, “రెండో వరసలో ఉంటే నాకు అన్నం సయించదు నాయనా” అని నవ్వేసేవాడు.

పాప నాన్న నీళ్ళు పరీక్షించే లాబ్‌లో కెమిస్టు. పాప కోసం సెలవు పెట్టి ఎనిమిది నెలలుగా ఇంట్లోనే ఉన్నాడు. పగలంతా ఆ ఇంట్లో వినిపించేవి మూడే: పాప ఏడుపు, ఫ్రిజ్ గురగుర, ఎదురింటి కుట్టుమిషను. ఆ మిషను కుట్టేది ఎవరో కూడా అతనికి తెలియదు. ఎవరితోనైనా మాట్లాడాలనిపించినప్పుడు, పాప ఎన్ని గంటలు పడుకుందో, ఎన్నిసార్లు తుమ్మిందో పట్టికలు గీసి తన వెబ్ పేజీలో పెట్టేవాడు. చదివినవాళ్ళ సంఖ్య సున్నా దగ్గర స్థిరపడిపోయింది.

ఆ పేజీ సంగతి తెలిసి మేస్త్రి ఎగిరి గంతేశాడు. “బంగారం లాంటి పేజీ! నిన్ను ఎవరైనా లింకు పెట్టి చూపిస్తున్నారా?”

“లేదండీ.”

“పోనీ, నువ్వు ఎవర్నైనా?”

“లేదు.”

మేస్త్రి మొహం చిన్నబోయింది. “అయితే నీది గోడ మీద గీసిన తలుపు నాయనా. చూడ్డానికి బాగుంటుంది గానీ ఎవరూ లోపలికి రారు, నువ్వు బయటికి పోవు. నా లింకు నువ్వు పెట్టు, నీది నేను పెడతా. రెండు వైపులా ఉంటేనే లెక్క.”

“తప్పకుండా పెడతానండీ. ఇంతకీ ఆ తలుపు సంగతి...”

“చెబుతాగా! ముందు లింకు.”

ఇలా మూడు నెలలు గడిచాయి. అతను లింకు పెట్టలేదు, ఆయన ఉపాయం చెప్పలేదు.

ఒక మంగళవారం ఉదయం పదకొండింటికి పార్సిలు వచ్చింది. పాప చాప మీద ఆడుకుంటోంది, పొయ్యి మీద పాలు సన్నసెగన ఉన్నాయి. పాప నాన్న ఒక్క అడుగు బయట వేసి సంతకం పెట్టాడు. వెనక వంటింటి కిటికీలోంచి గాలి కొట్టింది. తలుపు టక్కున పడింది.

తాళంచెవి లోపల, ఫోన్ లోపల, పాప లోపల. రెండో తాళంచెవి భార్య సంచీలో, మూడు వందల కిలోమీటర్ల దూరంలో.

మూడంతస్తులు దూకుతూ దిగి మేస్త్రి తలుపు బాదాడు. పలుకు లేదు. మళ్ళీ పైకి పరిగెత్తేసరికి లోపల పాప రాగం అందుకుంది. పార్సిలు తెచ్చినామె అప్పటికే తన ఫోన్‌లో ‘పాప లోపల ఉంది తలుపు పడింది’ అని కొట్టి, మొదట వచ్చిన నంబరు నొక్కేసింది. “ఇదిగో అన్నా, మాట్లాడు.”

అవతల ఒక్క రింగుకే ఎత్తారు. నోట్లో దూది కుక్కినట్టు ముద్దముద్దగా ఒక గొంతు. “పాప ఏడుస్తోందా?”

“ఏడుస్తోందండీ!”

“మంచిది. ఏడిస్తే బాగున్నట్టే. పొయ్యి మీదేమైనా ఉందా?”

“పాలు! సన్నసెగ మీద!”

“మాడతాయి, అంతే. ఇప్పుడు నువ్వు నేల మీద బోర్లా పడుకో. తలుపు కింద సందులోంచి పాపతో మాట్లాడు. నీ గొంతు వింటే ఇటే పాకుతుంది, పొయ్యి వైపు పోదు. పక్కన ఎవరున్నారు? ఫోన్ వాళ్ళకివ్వు, అడ్రసు చెప్పమను.”

వెనకనుంచి ఇంకో గొంతు, “అయ్యా, నోరు మూయండి. అబ్బే, కాదు, తెరవండి!” అంటోంది.

పాప నాన్న బోర్లా పడ్డాడు. ఆ క్షణాన అతని నోటికి వచ్చినవి మూలకాలు మాత్రమే. “హైడ్రోజన్! హీలియం! లిథియం! ఇక్కడే ఉన్నానమ్మా! బెరీలియం!”

పార్సిలామె అడ్రసు చెప్పింది. జవాబు విని ఫోన్ అతని చెవి దగ్గర పెట్టింది. “అన్నా, ఆయన నీతోనే ఏదో అనాలట.”

“అది నా బిల్డింగే కదయ్యా! నువ్వు పాప నాన్నవేనా?” అంది ముద్ద గొంతు. “మరి నా లింకు ఇంకా పెట్టలేదేం?”

నవ్వాలో ఏడవాలో తెలియక అతను, “బోరాన్” అన్నాడు.

“చెప్పు చెప్పు, ఆపకు. నీకు దగ్గర్లో ఉన్న తాళాల అమ్మాయికి కబురు పెట్టా. తొమ్మిది నిమిషాలు. నేను ఫోన్ పెట్టను, ఇక్కడే ఉంటా.”

మొదటి విడత మూలకాలు అయిపోయాయి. రెండో విడత సోడియం దగ్గర ఏడుపు ఆగింది. జింకు దగ్గర తలుపు కింద సందులోంచి రెండు బుల్లి వేళ్ళు బయటికొచ్చాయి. అతను ఆ వేళ్ళు పట్టుకున్నాడు. ఆ గోలకు ఎదురింటి తలుపు తెరుచుకుంది. మెడలో టేపు వేలాడుతున్న పెద్దావిడ తొంగిచూసి, “పరీక్షలా నాయనా?” అంది. సంగతి తెలిశాక తనూ వచ్చి అతని పక్కన కూర్చుని, “తర్వాతేమిటి? గాలియమా? అను, అను. పాప వింటోంది” అంది.

తాళాల అమ్మాయి వచ్చి రెండు నిమిషాల్లో తలుపు తీసింది. గిన్నె బొగ్గయింది, ఇల్లంతా పొగ. పాప మాత్రం మూలకాలు ఎందుకు ఆగిపోయాయా అన్నట్టు చూసింది.

అమ్మాయి పనిముట్లు సర్దుకుంటూ చెప్పింది. “ఇదివరకు ఇలా వెతికితే మొదట ఏదో కంపెనీ నంబరు వచ్చేది, దానికి ఫోన్ చేస్తే ఎనిమిది నిమిషాలు పాట వచ్చేది అన్నా. ‘లోపల పాప ఏడుస్తుంటే బయటున్నవాళ్ళకి పాట వినిపిస్తారటే!’ అని మేస్త్రి చిందులు తొక్కాడు. ఆ నంబరుని కిందికి నెట్టడానికి ఆయనకి నాలుగేళ్ళు పట్టింది. మేం పదకొండు మందిమి ఉన్నాం. ఎవరు దగ్గరుంటే వాళ్ళని పంపిస్తాడు. తను మాత్రం ఏమీ పుచ్చుకోడు. వేళ్ళు వణికినా గొంతు వణకదుగా అంటాడు. ఆ బాలింతల గుంపులో ఎందుకు చేరాడనుకున్నావ్? తలుపులు ఎక్కువగా పడేది వాళ్ళకేనట.”

మధ్యాహ్నానికి మేస్త్రి పళ్ళ డాక్టరు దగ్గర్నుంచి వాచిన బుగ్గతో మెట్లెక్కి వచ్చాడు. చారల చొక్కానే. పాప నాన్న కంప్యూటరు ముందు కూర్చుని అప్పటికే లింకు పెట్టేశాడు. ఒకటి కాదు, ప్రతి తుమ్ముల పట్టిక కింద ఒకటి.

“మీకు విసుగనిపించదా మేస్త్రిగారూ? రోజూ ఎవరెవరి భయాలో వింటూ...”

“ఒంటరి కొంప నాయనా. ఫోన్ మోగితే ఎవరో తలుపు బయట ఉన్నారని తెలుస్తుంది. వాళ్ళు లోపలికి పోయేదాకా నాకూ తోడే.” ఆయన బుగ్గ పట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. “ఇప్పుడు ఉపాయం విను. నీ తాళంచెవి ఇంకోటి ఎవరి దగ్గరుంది?”

“మా ఆవిడ దగ్గర.”

“రైల్లో ఉన్నది లెక్కకి రాదు. ఈ మెట్ల మీద ఎవరి దగ్గరుంది?”

“ఎవరి దగ్గరా లేదండీ.”

“ఎదురింటావిడకి ఒకటియ్యి. ఇచ్చి ఊరుకోకు, ఆవిడది నువ్వు పుచ్చుకో. ఇస్తే నీ భయమొక్కటే తీరుతుంది. పుచ్చుకుంటే నీతో కూడా ఎవరికో పని పడుతుంది.”

ఇప్పుడు పాప నాన్న తలుపు పక్కన కొక్కేనికి నాలుగు తాళంచెవులు వేలాడుతున్నాయి. ఒకటి తనది, ఒకటి కుట్టుమిషనావిడది, ఒకటి మేస్త్రిది, నాలుగోది కొత్తది. పట్టిక చదివేవాళ్ళ సంఖ్య రెండుకు చేరింది. మొన్న పైవాటాలో ఎవరో కొత్తగా దిగారని తెలిసి, అతను పాపను చంకనెత్తుకుని వెళ్ళి తలుపు తట్టాడు. తీసినవాళ్ళ చేతిలో తాళంచెవి పెట్టాడు.

“ఇది మా ఇంటిదండీ. మీదొకటి ఇవ్వండి. రెండు వైపులా ఉంటేనే లెక్క.”