నాన్నా, బస్తా, నా కొత్త బండీ

ఉద్దానం ఇసుక దారుల్లో ఒంటరిగా తిరగాలని నాకు ఎప్పటి నుంచో కోరిక. అందుకే ఈ రోజు నాన్నతో పలాస షోరూమ్‌కి వెళ్లి, ఎత్తుగా ఉండే ఆఫ్‌రోడ్ బండి ఎక్కాను. నా పొట్టి కాళ్లు నేలకి అందలేదు.

నాన్న ఇన్నేళ్లూ మోపెడ్ మీద జీడిపిక్కల బస్తాలు మోసిన మనిషి. "ఎనకాల బస్తా ఎడితే బండి దిగిపోతాది" అన్నాడు. అక్కడ బస్తా లేదు కాబట్టి తనే ఎక్కి కూర్చున్నాడు. బండి కుంగింది, నా మునివేళ్లు నేలకి తగిలాయి.

"మరి నేనొక్కదాన్నే ఎల్లాలంటే ఏటి సెయ్యాలి నాన్నా?"

"బస్తా ఎట్టుకెల్లు" అన్నాడు, దిగకుండానే.

సీటు ఎత్తు తగ్గించి ఇస్తామన్నారు షోరూమ్ వాళ్లు. కొన్నాళ్లు నాన్ననే వెనకాల ఎక్కించుకుని తిరుగుదామని, ఇప్పుడే వద్దన్నాను. పొట్టివాళ్లు చెప్పండి, నేను చేసింది తప్పా?