అక్క కుట్టిన రవికెలు

బస్తరు సంస్థానం రోజుల్లో, పామేడు దగ్గరి మా ఊళ్లో రవికె తొడుక్కునే ఆడవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అటువంటి చోట మా అక్క పన్నెండు రవికెలు కుట్టి సంతకు తీసుకుపోయింది. ఆమెనొక్కదాన్నే అనేం లాభం, సుద్దతో గీతలు గీసిచ్చిన తెలివైనదాన్ని నేనే!

చిన్నప్పుడు జ్వరమొచ్చి అక్కకు ఎడమకాలు చచ్చుబడింది. నాట్లకు దిగలేదు, ఇప్పపువ్వుకు పోలేదు. భద్రాచలంలో దర్జీపని చేసే మా మేనమామ తన చేతిమిషను తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "ఉగాది దాకా చూడు బిడ్డా. గిరాకీ లేకుంటే తీస్కపోత" అన్నాడు. మిషను పోతే అక్క దూరపు చుట్టాలింట్లో అంట్లు తోముతూ బతకాలి. పెద్దవాళ్లు ఆ మాట ముందే అనేసుకున్నారు.

"ఈడ గుడ్డ కట్టుకునుడే ఎక్కువ, కుట్టుడేంది?" అని మా నాయన ఎకసెక్కమాడాడు. ఆయన నోట మంచిమాట కూడా తిట్టులాగే వచ్చేది.

సంతలో పొద్దు వాలేదాకా ఒక్క రవికె పోలేదు. చివరికి అడవి పల్లె నుంచి దొర్ల తెగ అవ్వ ఒకామె వచ్చి, ఒకటి అటూ ఇటూ లాగి చూసి, "కుట్టు గట్టిగుంది పిల్లా" అని, సోలెడు సారపప్పు పోసి తీసుకుంది. అక్క ముఖం చూడాలి! అవ్వ అక్కడే కూచుంది. రవికె ముందంచుల్ని ముళ్లతో గుచ్చి మూసింది, అడుగును నారతో బిగించింది, మెడలోంచి చింతపండు కూరింది. రవికె చేతులు రెండూ ముడేసి భుజానికి తగిలించుకుని చక్కా పోయింది.

నేను పడీపడీ నవ్వాను. అక్క ఏడ్చి, మూడు రోజులు మిషను ముట్టలేదు. నాలుగో రోజు, "ఆ అవ్వే నయమే. తనకేం కావాలో తనకు తెలుసు" అంటూ మిగిలిన పదకొండూ విప్పేసి, భుజానికి పట్టీలు పెట్టి సంచులు కుట్టింది. పై వారం సంతలో మధ్యాహ్నానికే అన్నీ అయిపోయాయి. నెల తిరిగేసరికి ఇద్దరు దొర్ల ఆడపిల్లలు అక్క దగ్గర పని నేర్చుకుని, పట్టీలు కుట్టి ఇంటికి ఉప్పూ బట్టా పట్టుకుపోతున్నారు.

ఉగాదికి మామ బండి కట్టుకుని వచ్చాడు.

"గిరాకీ ఉంది మామా" అంది అక్క.

"నాకేమెరుక బిడ్డా? ఎంకటాపురంల ఒకాయనకు మిషనిస్తనని మాటిచ్చిన."

అందరం నాయన వైపు చూశాం. ఆయన "వాని వస్తువు, వాని ఇష్టం" అని పెరట్లోకి వెళ్లిపోయాడు. అప్పుడు ఆయన మీద నాకు పుట్టిన కోపం ఇంతా అంతా కాదు.

తీరా మామ మిషను ఎత్తబోతే తిప్పే పిడి లేదు. ఇల్లంతా వెతికాం. అందరికన్నా గట్టిగా వెతికింది నాయనే. "ఈ పిల్లనే ఏడనో పారేసుంటది!" అని నన్ను తిట్టాడు కూడా. మంచం కిందికి చూడ్డానికి వంగినప్పుడు ఆయన పంచె మడతలోంచి ఇనుప పిడి కొస బయటికొచ్చింది. నేను చూశాను. మామా చూశాడు.

మామ గొంతు సవరించుకున్నాడు. "పిడి లేని మిషను ఎవడు తీసుకుంటడు బావా? ఆయనకు నేనే చెప్పుకుంట. దొరికినంక మీరే వాడుకోర్రి" అని బండెక్కాడు.

బండి వాగు దాటాక నాయన పిడి తెచ్చి అక్క చాప మీద పడేశాడు. "సామాను జాగర్త చేసుకునుడు ఒక్కదానికి రాదు!" అని కసిరాడు. అక్క ఆయన చేయి పట్టుకుంది. ఆయన తిడుతూనే ఉన్నాడు గానీ, చేయి మాత్రం వెనక్కి తీసుకోలేదు.